జ్వరం కొలిచిన బడులు: సింగపూరు, 2003 నుంచి 2022 దాకా

(రేడియో ప్రసంగ పాఠం)



2003 మార్చి 26న సింగపూరు ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. మర్నాటినుంచి ఏప్రిల్ 6 దాకా కిండర్‌గార్టెన్లు, ప్రైమరీ, సెకండరీ స్కూళ్ళు, జూనియర్ కాలేజీలు అన్నీ మూసేస్తున్నామని. అప్పుడు విద్యాశాఖ మంత్రి టియో చీ హియన్ గారు. ఇందులో వింత ఏమిటంటే, వైద్యపరంగా బడులు మూయడానికి గట్టి కారణమేదీ లేదని కూడా ఆ ప్రకటనే చెప్పింది. మరి ఎందుకు మూసినట్టు? తల్లిదండ్రులు భయపడుతున్నారు, ఆ భయం ప్రిన్సిపాళ్ళ దాకా, వీధిలోని డాక్టర్ల దాకా వచ్చింది, కాబట్టి మూస్తున్నాం అన్నారు. లెక్కలూ నియమాలూ చూడనిదే అడుగు వెయ్యదని పేరున్న ప్రభుత్వం, భయమే కారణమని ఒప్పుకుని దేశంలో బడులన్నిటికీ తాళం వెయ్యడం చిన్న విషయం కాదు. ఈ దేశంలో పిల్లల్ని బడికి పంపుతున్న మనం ఆ తరవాత ఇరవై ఏళ్ళలో చూసిన జాగ్రత్తలకు చాలా మటుకు అక్కడే మొదలు పడిందని నా అభిప్రాయం.

ఆ రోగం సార్స్. ఫిబ్రవరి నెలాఖరులో హాంకాంగ్ వెళ్ళి మెట్రోపోల్ హోటల్లో దిగి వచ్చిన కొందరు యాత్రికులతో అది సింగపూరు చేరింది. వారిలో ఒకరు మార్చి 1న టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రిలో చేరారు. అక్కడినుంచి నర్సులకు, డాక్టర్లకు, పక్క మంచాల వాళ్ళకు, చూడవచ్చిన బంధువులకు పాకింది. మొత్తం లెక్క తేలేసరికి 238 మందికి సోకింది, 33 మంది పోయారు. సోకినవాళ్ళలో నూటికి నలభై మంది దాకా ఆసుపత్రి సిబ్బందే. అంటే అది ప్రధానంగా ఆసుపత్రి గోడల మధ్య తిరిగిన జబ్బు. ఈ సంగతి మనకిప్పుడు తెలుసు. మార్చి 26న ఎవరికీ ఇంత స్పష్టంగా తెలియదు. టీవీ చూస్తున్న అమ్మకి అసలే తెలియదు.

అంతకు మూడేళ్ళ కిందటి జ్ఞాపకం కూడా జనంలో ఇంకా చల్లారలేదు. 2000 సంవత్సరంలో చిన్నపిల్లలకు చేతులమీద, పాదాలమీద, నోట్లో పొక్కులు వచ్చే జబ్బు, అదే ఇక్కడ అందరూ హెచ్.ఎఫ్.ఎమ్.డి. అంటారు, పెద్ద ఎత్తున వచ్చింది. కొందరు పసివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. ఆ అక్టోబర్ మొదటి రెండు వారాలు దేశంలోని ప్రీస్కూళ్ళన్నీ మూసేశారు. ఇండియానుంచి కొత్తగా వచ్చిన మనవాళ్ళు చైల్డ్‌కేర్ గుమ్మం దగ్గర టీచరు బిడ్డ అరచేతులు తిప్పి చూసి, నోరు తెరవమనడం చూసి ఇదేం తనిఖీ అని ఆశ్చర్యపోతుంటారు. ఆ పరీక్ష వెనక ఉన్నది ఈ జబ్బే. గుమ్మంలోనే పట్టుకుంటే లోపల పదిమందికి అంటదు.

ఇక 2003కి వద్దాం. మూయడం తేలిక, తెరవడమే కష్టం. ఒకసారి భయంతో మూసిన తలుపు ఏ ధైర్యం చెప్పి తెరుస్తారు? ఏప్రిల్ 6 వచ్చింది, రోగం ఇంకా పోలేదు. అన్నీ ఒక్కరోజే తెరవకుండా మెట్లు మెట్లుగా తెరిచారు. ఏప్రిల్ 9న జూనియర్ కాలేజీలు, 14న సెకండరీ, 16న ప్రైమరీ స్కూళ్ళు, ప్రీస్కూళ్ళు. ముందు పెద్దపిల్లలు, తరవాత చిన్నవాళ్ళు. ఈ వరసకి అర్థం ఉంది. పదిహేడేళ్ళ పిల్లవాడు తనకు నలతగా ఉందని తను చెప్పగలడు, చేతులు కడుక్కోమంటే కడుక్కుంటాడు. అయిదేళ్ళవాడికి అవి రావు. పైగా కాలేజీలో వారం గడిచి ఏమీ కాకపోతే, చిన్నపిల్లల తల్లిదండ్రులకు కొంత నిబ్బరం వస్తుంది. 2020లో డెన్మార్క్ సరిగ్గా దీనికి ఎదురు వరస పట్టింది. ఏప్రిల్ 15న పసిపిల్లల కేంద్రాలు, చిన్న తరగతులు ముందు తెరిచింది. పసివాళ్ళు ఇంట్లో ఉంటే తల్లిదండ్రుల పని సాగదు, ఆ వయసువాళ్ళకు జబ్బు తేలిగ్గా పోతోంది అని వాళ్ళ లెక్క. రెండూ తెలివిగల వరసలే. ఎవరి నమ్మకం సంపాదించాలన్నదాన్ని బట్టి వరస మారింది.

తెరిచిన రెండు వారాలకు, ఏప్రిల్ నెలాఖరున, థర్మామీటర్లు వచ్చాయి. బడిపిల్లలకు తలా ఒక డిజిటల్ థర్మామీటర్ ఇచ్చారు, నోట్లో పెట్టుకునే రకం. రోజుకి రెండుసార్లు క్లాసులో అందరూ ఒకేసారి నాలుక కింద పెట్టుకుని కూర్చోవడం, బీప్ మనగానే అంకె చూసి కాగితంమీద రాసుకోవడం. తరగతి మొత్తం ఒక నిమిషం పాటు నోరు మూసుకుని కూర్చున్న సందర్భం ఆ ఏడాది అదొక్కటేనని చెప్పుకుని నవ్వుకున్న టీచర్లు ఉండే ఉంటారు. జ్వరం ఉన్నవాణ్ణి వేరే గదిలో కూర్చోబెట్టి ఇంటికి కబురు చేసేవారు. బయటి దేశాలనుంచి, ముఖ్యంగా రోగం ఉన్న చోట్లనుంచి వచ్చిన పిల్లలు పదిరోజులు ఇంట్లోనే ఉండాలి. ఆ రోజుల్లో టీవీలో ఫువా చూ కాంగ్ అనే హాస్య పాత్ర, గొడుగంత జుట్టూ పసుపు బూట్లూ వేసుకుని, చేతులు కడుక్కోండి అంటూ ఒక ర్యాప్ పాట పాడాడు. సింగపూరులో పెరిగిన ఏ ముప్పై ఏళ్ళ మనిషిని అడిగినా ఆ పాట ఇంకా గుర్తుందంటారు.

ఈ థర్మామీటర్లు సాధించిందేమిటి? ఆ సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ సార్స్‌మీద తయారు చేసిన నివేదికలో ఒక మాట ఉంది: పిల్లలనుంచి పెద్దలకు సోకిన సందర్భాలు రెండే తెలిశాయి, పిల్లనుంచి పిల్లకు సోకినట్టు ఒక్కటీ తెలియదు. అంటే బడిలో వెతికినదేదీ బడిలో లేదు. అంత మాత్రాన ఆ ఖర్చు, ఆ శ్రమ వృథా అంటే నేను ఒప్పుకోను. మార్చి 26న భయపడి మూయించింది తల్లిదండ్రులు. తమ పిల్ల జేబులో ఉన్న థర్మామీటర్, పుస్తకంలో రాసిన అంకె ఆ తల్లిదండ్రులు కళ్ళతో చూడగలిగినవి. పక్క బెంచీ పిల్లకి కూడా ఇవాళ పొద్దున ఎవరో కొలిచారని తెలిసినప్పుడు తల్లి పంపుతుంది. మే 31న సింగపూరు పేరు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితానుంచి తొలగించేనాటికి బడులు చాలా రోజులుగా నడుస్తూనే ఉన్నాయి.

అసలు అంటువ్యాధి వస్తే బడి మూయాలా, తెరవాలా అన్న తగువు సింగపూరులో పుట్టింది కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు అమెరికాలో చాలా ఊళ్ళు బడులు మూశాయి, న్యూయార్క్, షికాగో మాత్రం తెరిచే ఉంచాయి. న్యూయార్క్‌లో పిల్లల ఆరోగ్య విభాగం చూసిన డాక్టర్ జోసెఫీన్ బేకర్ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పిల్లలు ఉండేది ఇరుకిరుకు గదుల ఇళ్ళలో. బడిలో గాలీ వెలుతురూ ఉన్నాయి, రోజూ చూసే నర్సు ఉంది. ఇంట్లో, వీధిలో ఎవరు చూస్తారు? ఇంటికన్నా గుడి పదిలం అని మనవాళ్ళు అంటారు కదా, ఆవిడ ఇంటికన్నా బడి పదిలం అంది.

అదే షికాగోలో 1937 సెప్టెంబర్లో పోలియో వచ్చినప్పుడు బడులు తెరవడం వాయిదా వేశారు. అప్పుడు పాఠాలు ఎలా చెప్పారో వింటే మన రేడియో శ్రోతలకు ముచ్చటేస్తుంది. రేడియోలో చెప్పారు! స్టేషన్లు ఉచితంగా సమయం ఇచ్చాయి, ఏ క్లాసుకు ఏ స్టేషన్లో ఎన్ని గంటలకు అన్న పట్టిక దినపత్రికల్లో వేశారు, సందేహాలకు ఫోన్ నంబరు పెట్టారు. రెండు మూడు వారాలు సాగింది. ఇంట్లో రేడియో లేని పిల్లలు, ఉన్నా సరిగా పట్టని చోట ఉన్న పిల్లలు వెనకబడ్డారని అప్పుడే గుర్తించారు. ఎనభై మూడేళ్ళ తరవాత రేడియో అన్న మాట తీసి లాప్‌టాప్ అని పెడితే ఆ వాక్యమే మళ్ళీ పనికొచ్చింది.

2009లో హెచ్1ఎన్1 వచ్చినప్పుడు సింగపూరు బడులు పాత సామాను మళ్ళీ దించాయి. జూన్ సెలవుల్లో జబ్బున్న దేశాలకు వెళ్ళొచ్చిన పిల్లల్ని వారం రోజులు ఇంట్లో ఉంచమన్నారు. ఆ జబ్బు తేలిగ్గా పోవడంతో పెద్ద అధ్యాయం కాలేదు. ఏడాదికోసారి ఇంటినుంచి కంప్యూటర్లో చదువుకునే రోజు పెట్టడం కూడా సార్స్ తరవాతే చాలా బడుల్లో అలవాటైంది. పిల్లలకి అదో సరదా సెలవు.

2020 జనవరి 23న సింగపూరులో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. చైనానుంచి తిరిగొచ్చిన విద్యార్థులకీ టీచర్లకీ పద్నాలుగు రోజుల తప్పనిసరి సెలవు ఇచ్చారు. ఫిబ్రవరి 7న ప్రమాద సూచిక నారింజ రంగుకు ఎక్కింది, డార్స్‌కాన్ ఆరెంజ్ అన్నమాట. ఆ సాయంత్రం సూపర్‌మార్కెట్లలో బియ్యం, నూడిల్స్, టాయిలెట్ కాగితం మాయమయ్యాయి. మన ఇళ్ళలోనూ కందిపప్పు నిల్వలు పెరిగాయని వేరే చెప్పాలా. బడుల్లో అసెంబ్లీలు, బడుల మధ్య పోటీలు ఆగాయి, థర్మామీటర్లు బయటికొచ్చాయి. కాని బడులు మూయలేదు.

మార్చి సెలవులు అయ్యాక 23న మళ్ళీ తెరుస్తారా లేదా అన్నది ఆ నెల పెద్ద తగువు. చుట్టుపక్కల దేశాలు మూసేశాయి. మూయమంటూ వేలమంది సంతకాలు పెట్టారు. విద్యామంత్రి ఓంగ్ యే కుంగ్ గారు మూడు కారణాలు చెప్పి తెరిచారు. ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి పిల్లలకు ఇది పెద్దవాళ్ళకు సోకినట్టు సోకడం లేదు. బడిలో ఉన్న పిల్లకు క్రమం ఉంది, బయట తిరిగే పిల్లకు లేదు. మూస్తే పిల్లల్ని చూసుకోవడానికి ఎవరూ లేని తల్లిదండ్రుల గతి ఏమిటి, అందులో ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళ గతి ఏమిటి. రెండో కారణం డాక్టర్ బేకర్ నోటినుంచి వచ్చినట్టే ఉంది. మధ్యేమార్గంగా రెండు వారాలు ఆటపాటల కార్యక్రమాలు, వేరువేరు బడుల పిల్లలను ఒకచోట చేర్చే కేంద్రాల కార్యక్రమాలు ఆపారు. మన పిల్లలు చాలామంది బడిలో మాతృభాష కింద హిందీయో తమిళమో తీసుకుంటారు, తెలుగుకు ఆ జాబితాలో చోటు లేదు. శనివారం హిందీ క్లాసంటే పది బడుల పిల్లలు ఒక గదిలో చేరడమే, కాబట్టి ఈ రకం జాగ్రత్త మన ఇళ్ళకు నేరుగా తగిలింది.

తెరిచిన మూడో రోజుకే, మార్చి 25న, ఫెంగ్‌షాన్‌లోని ఒక కిండర్‌గార్టెన్లో సిబ్బంది పదుల సంఖ్యలో జబ్బుపడ్డారని తెలిసింది. ఆ సంస్థ తన కేంద్రాలన్నీ నాలుగు రోజులు మూసి కడిగించింది. జనం గుండె జారింది. కాని ఆ సంఘటన చెప్పిన పాఠం వేరు. జబ్బు తిరిగింది ప్రధానంగా టీచర్ల మధ్య, వాళ్ళ ఇళ్ళల్లో. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో కేసులు వచ్చిన ఒక సెకండరీ స్కూలును, రెండు ప్రీస్కూళ్ళను కె.కె. ఆసుపత్రి వైద్యులు పరీక్షించి చూశారు. అందులోనూ ఇదే తేలింది. పెద్దలనుంచి పెద్దలకు పాకింది కాని పరీక్షించిన పిల్లల్లో ఎవరికీ లేదు. బడిని కాపాడటమంటే పిల్లల బెంచీల మధ్య దూరం ఒక్కటే కాదు, టీచర్లు కూర్చుని టీ తాగే గదికి కూడా నియమం కావాలన్నమాట. పిల్లలకు సుద్దులు చెప్పే మనం పెద్దవాళ్ళం ఎప్పుడూ ఈ లెక్కలోకి రావడం మరిచిపోతాం.

ఇంతలో బయట కేసులు పెరిగాయి. ఏప్రిల్ 3న సర్క్యూట్ బ్రేకర్ ప్రకటించారు, 8నుంచి బడులన్నీ ఇంటి చదువుకు మారాయి. ఏడాదికోసారి సరదాగా చేసిన పని ఇప్పుడు రోజూ చెయ్యాలి. మొదటి వారంలోనే ఒక జూమ్ క్లాసులోకి ఎవరో ఆగంతకులు చొరబడి పిల్లలకు అసభ్య చిత్రాలు చూపారు, కొద్ది రోజులు జూమ్ వాడకం ఆపేశారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, కంప్యూటర్ లేని ఇళ్ళు ఇన్ని ఉన్నాయని బయటపడటం. విద్యాశాఖ దాదాపు 20,000 లాప్‌టాప్‌లు, టాబ్లెట్లు పిల్లలకు అరువిచ్చింది. సింగపూరంటే మన చుట్టాలు ఊహించుకునే ఎత్తు మేడల్లో, రెండు గదుల ఫ్లాట్లో ముగ్గురు పిల్లలు ఒక ఫోన్‌మీద వంతులు వేసుకునే ఇళ్ళూ ఉన్నాయి. 2028 నాటికి అనుకున్న పథకాన్ని ముందుకు జరిపి, 2021 చివరికల్లా ప్రతి సెకండరీ విద్యార్థి చేతిలో సొంత పరికరం ఉండాలన్నారు. మన ఐటీ ఉద్యోగుల ఇళ్ళ కష్టం వేరే రకం. కంప్యూటర్లున్నాయి, తలుపులు లేవు. హాల్లో నాన్న కాన్ఫరెన్స్ కాల్, బెడ్‌రూమ్‌లో అమ్మ కాన్ఫరెన్స్ కాల్, వంటింటి బల్లమీద ప్రైమరీ త్రీ లెక్కల క్లాసు. ప్రసవానికో, పిల్లల్ని చూసుకోవడానికో ఇండియానుంచి రావలసిన అమ్మమ్మకు విమానం లేదు.

ఒక సంగతి మాత్రం గమనించాలి. ఆ నెల రోజులూ బడి గేట్లు పూర్తిగా మూతపడలేదు. నర్సులు, బస్సు డ్రైవర్లు వంటి అత్యవసర ఉద్యోగాల తల్లిదండ్రులు పిల్లల్ని ఎక్కడా ఉంచలేకపోతే ప్రైమరీ బడికి పంపుకోవచ్చు. కొద్దిమంది టీచర్లు వెళ్ళి కూర్చున్నారు. జూన్ సెలవులను మే 5కి ముందుకు జరిపారు. దానితో పాఠాలు పోకుండానే మరో నాలుగు వారాలు పిల్లలు ఇంట్లో ఉన్నారు. క్యాలెండర్‌ని ఇలా మందులా వాడటం నాకు ఆ ఏడాది నచ్చిన తెలివైన పని.

జూన్ 2న తెరిచిన తీరు వివరంగా చెప్పుకోవాలి. ఈసారి ముందు పిలిచింది ఆ ఏడాది పెద్ద పరీక్షలు రాసేవాళ్ళని, అంటే ప్రైమరీ సిక్స్, సెకండరీ ఫోర్, ఫైవ్. వాళ్ళు రోజూ రావాలి. మిగతా తరగతులు వారం బడి, వారం ఇల్లు. దీనితో గేటు దగ్గర జనం సగానికి దగ్గరగా తగ్గారు. ప్రీస్కూళ్ళు తెరిచే ముందు సిబ్బంది అందరికీ ముక్కులో స్వాబ్ పెట్టి పరీక్ష చేశారు. మార్చి పాఠం వాళ్ళు మరిచిపోలేదు. జూన్ 29నుంచి అందరూ రోజూ వచ్చారు.

లోపల ఎలా ఉండేదంటే, బల్లలు పరీక్ష హాల్లోలాగా విడివిడిగా. ఎవరి చోటు వాళ్ళదే, నెలల తరబడి అదే చోటు. ఇందువల్ల ఒకరికి జబ్బు వస్తే పక్కన ఎవరున్నారో టీచరు కాగితం చూసి చెప్పగలదు, బడి మొత్తాన్ని ఇంటికి పంపక్కర్లేదు. ఒక తరగతి పిల్లలు ఇంకో తరగతితో కలవరు. రీసెస్ అందరికీ ఒకే గంటకు కాకుండా వంతులవారీగా. క్యాంటీన్ బల్లలమీద కూర్చోకూడని చోట గుర్తులు. తిన్నాక, క్లాసు అయ్యాక ఎవరి బల్ల వాళ్ళే తుడుచుకోవాలి. రావడం, పోవడం కూడా వేరువేరు సమయాల్లో, వేరువేరు గేట్లలో. ఒక గంటలో జరిగే పనిని రెండు గంటలకు సాగదీశారు, ఆ భారం టీచర్లమీదా, స్కూలు బస్సు అంకుల్స్‌మీదా పడింది. మూడు బడుల పిల్లల్ని ఒకే బస్సులో తిప్పే అంకుల్‌కి మూడు టైమ్‌టేబుళ్ళు కాస్తా ఆరయ్యాయి.

థర్మామీటర్ మళ్ళీ ఉంది. కాని ఇప్పుడు దాని బలం తగ్గింది. సార్స్ వచ్చినవాడు జ్వరం వచ్చాక, రెండో వారంలో ఎక్కువగా అంటిస్తాడు. కాబట్టి జ్వరాన్ని పట్టుకుంటే జబ్బును పట్టుకున్నట్టే. కోవిడ్ అలా కాదు. జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందే అంటిస్తుంది, కొందరికి, అందులోనూ పిల్లలకు, జ్వరమే ఉండదు. 2003లో నేర్చుకున్న పాఠాన్ని 2020లో అప్పగిస్తే సగం మార్కులే వస్తాయి. అసలు పని చేసింది ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారన్న కూర్పు. ఇంకొకటి, ఎవరూ కొనుక్కు రానిది, గాలి. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో క్లాసుకు ఏసీ ఉండదు. రెండు వైపులా కిటికీలు, పైన ఫ్యాన్లు, బయట తెరిచిన వరండా, గోడల్లేని క్యాంటీన్. మన పిల్లలు ఉక్కపోత అని గొణుగుతారు, మనం కూడా ఇంత డబ్బున్న దేశంలో ఏసీ పెట్టకూడదా అనుకుంటాం. గాలిలో తేలే జబ్బుకు అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. క్షయ పిల్లల కోసం 1904లో జర్మనీలోని షార్లొటెన్‌బుర్గ్‌లో, 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో ఆరుబయట బడులు పెట్టిన వాళ్ళకు ఈ సంగతి తెలుసు. చలిలో దుప్పట్లు కప్పుకుని చదివించారు. భూమధ్యరేఖ దగ్గర ఆ దుప్పటి కూడా అక్కర్లేదు.

2021 మేలో బి.1.617, తరవాత డెల్టా అని పేరుపడిన రకం, వచ్చింది. ఈసారి చుట్టుముట్టింది బడిని కాదు, ట్యూషన్‌ని. మెరీన్ పరేడ్ దగ్గర ఒక ట్యూషన్ సెంటర్లో టీచరుకు సోకి, అక్కడికి వచ్చే పలు బడుల పిల్లలకు చేరింది. పొద్దున బడిలో తరగతిని తరగతితో కలపకుండా అంత జాగ్రత్తగా విడదీసి, సాయంత్రం మనమే డబ్బు కట్టి ఏసీ గదిలో అయిదు బడుల పిల్లల్ని ఒక బల్లచుట్టూ చేరుస్తున్నాం. ట్యూషన్ లేనిదే నిద్రపట్టని విషయంలో సింగపూరు వాళ్ళకూ మనకూ మంచి పోలిక ఉంది, కాబట్టి ఎవరూ ఎవర్నీ వేలెత్తి చూపలేం. మే 16న కొత్త విద్యామంత్రి చాన్ చున్ సింగ్, అప్పటికి ఆరోగ్యశాఖకు మారిన ఓంగ్ యే కుంగ్ ఇద్దరూ ఈ రకం పిల్లలమీద ఎక్కువ ప్రభావం చూపుతున్నట్టుందని చెప్పి, 19నుంచి టర్మ్ ముగిసే 28 దాకా ఇంటి చదువు ప్రకటించారు.

రెండు రోజులకు ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ గారు పిల్లలకు ప్రమాదకరమైన సింగపూర్ రకం ఒకటి వచ్చిందని ట్విట్టర్లో రాశారు. ఇండియాలో మొదట కనబడిన రకం అది! సింగపూరు ప్రభుత్వం తప్పుడు సమాచార చట్టం కింద దిద్దుబాటు నోటీసు ఇచ్చింది, మన విదేశాంగ మంత్రి జైశంకర్ గారు అది భారతదేశం మాట కాదని చెప్పవలసి వచ్చింది. ఆ వారం ఇక్కడి మన పిల్లలకు రెండు వైపులనుంచీ తగిలింది. ఇక్కడ అది ఇండియా జబ్బు, అక్కడ అది సింగపూరు జబ్బు.

ఆ జూన్ మొదట్లో పన్నెండేళ్ళు దాటిన విద్యార్థులకు టీకాలు మొదలయ్యాయి, చిన్నవాళ్ళకు, అయిదునుంచి పదకొండేళ్ళ వాళ్ళకు, డిసెంబర్ 27న. నడుమ సెప్టెంబర్ 27నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా ప్రైమరీ వన్ నుంచి ఫైవ్ దాకా మళ్ళీ ఇంటికి పంపారు. కారణం ప్రైమరీ సిక్స్ వాళ్ళ పి.ఎస్.ఎల్.ఇ. పరీక్షలు. టీకా వయసు రాని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ బడిలో ఉంటే పరీక్షకి అడ్డొస్తుందని, బడి మొత్తాన్ని పరీక్ష హాలు చేశారు. పరీక్ష కోసం దేశం ఎంత దూరమైనా పోతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు, ఇందులోనూ మనకు పోలికే.

మన ఊళ్ళ సంగతి పక్కన పెట్టి చూస్తే ఈ కథ విలువ తెలియదు. తెలంగాణలో 2020 మార్చి 16న బడులు మూశారు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులు, నెలాఖరులో ఆరునుంచి ఎనిమిది దాకా తెరిచి, మార్చి 24న మళ్ళీ మూశారు. చిన్న తరగతులకు 2021 సెప్టెంబర్ 1 దాకా తలుపు తెరుచుకోలేదు. టి-శాట్, యాదగిరి చానెళ్ళలో పాఠాలు వచ్చాయి, షికాగో రేడియోలాగానే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబర్ 2న పెద్ద తరగతులు, 2021 ఫిబ్రవరి 1న ఒకటినుంచి అయిదు తెరిచి, ఏప్రిల్లో రెండో అలకి మళ్ళీ మూసి, ఆగస్టు 16న తెరిచారు. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకు పంపారు. నాడు-నేడు కింద అంతకు ముందే చేతులు కడుక్కునే కుళాయిలూ మరుగుదొడ్లూ మొదలుపెట్టడం ఆ వేళకు కలిసొచ్చింది.

ఇదంతా డబ్బు తేడా అని సరిపెట్టుకుంటే సరిపోదు. అక్కడ రెండో అలలో ఆసుపత్రి మంచాలే దొరకని రోజులవి, ఎవరైనా మూసేవారే. కాని అల తగ్గిన నెలల్లో సినిమా హాళ్ళూ, పెళ్ళి మంటపాలూ, ఎన్నికల సభలూ ముందు తెరుచుకున్నాయి, ఒకటో తరగతి గది చివర తెరుచుకుంది. సింగపూరు వరస తిరగేసి పెట్టింది. బయట అయిదుగురు కలిసి భోంచెయ్యడానికి వీల్లేని రోజుల్లో కూడా లోపల నలభై మంది క్లాసు నడిచింది. ఏది ముందు తెరవాలి, ఏది చివర మూయాలి అన్నదాంట్లో ఉంది తేడా. 2020 జూన్‌లో వరంగల్‌లోనో నల్లగొండలోనో సర్కారు బడి ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల, ఆ తరగతి గదిలో ఒక్కరోజూ కూర్చోకుండానే రెండో తరగతికి వచ్చింది.

సింగపూరులో 2021 జనవరిలో ప్రైమరీ వన్‌లో చేరిన పిల్ల బడి మానింది కొద్ది వారాలే. కాని ఆ పిల్ల అక్షరాలు నేర్చుకున్నది మాస్కు కట్టుకున్న టీచరు దగ్గర. పలికేటప్పుడు నోరు ఎలా తిరుగుతుందో పిల్లలకు కనబడాలని, ఒకేచోట నిలబడి పాఠం చెప్పే టీచర్లు ముఖానికి అడ్డంగా పారదర్శకమైన షీల్డ్ పెట్టుకోవచ్చని 2020లోనే వెసులుబాటు ఇచ్చారు. బడుల్లో మాస్కు తప్పనిసరి అన్న నియమం తొలగిన రోజు 2022 ఆగస్టు 29, సోమవారం. అప్పటికి ఆ పిల్ల ప్రైమరీ టూలో ఉంది. ఇష్టమైతే తీయవచ్చు అన్నారు కాని తీయమనలేదు. చాలామంది పిల్లలు ఆ రోజు తీయలేదు.

సెలవు.